పొగాకు ఊళ్లో పాఠం

జనవరి నెల హాజరుపట్టీ చూస్తే చాలు, ఊళ్లో ఏ పని నడుస్తోందో చెప్పేయవచ్చు. తొమ్మిదో తరగతిలో 34 మందికి 18 మందే వచ్చారంటే పొగాకు కోతలు మొదలైనట్టే. వచ్చిన వాళ్లలోనూ కొందరి వేళ్లు నల్లగా ఉంటాయి. పచ్చాకు కోసినా, కర్రలకు కట్టినా చేతికి జిగురంటుకుంటుంది. గాలి తగిలేకొద్దీ అది గోధుమరంగు తిరిగి, సాయంత్రానికి నల్లబడి గోళ్ల సందుల్లో పేరుకుపోతుంది. సబ్బుకు ఒక పట్టాన వదలదు. ఆ చేత్తో అన్నం కలిపితే ముద్ద చేదెక్కుతుంది. నోటుపుస్తకం తిప్పితే కాగితం అంచున వేలిముద్ర పడుతుంది. ప్రకాశం జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 22 ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. పొగాకు మనిషిని ఏం చేస్తుందో చెప్పే పాఠం నేను మొదలుపెట్టేది ఆ వేళ్ల దగ్గరే.

పొగాకు వ్యతిరేక దినం మే 31న వస్తుంది. అప్పుడు మాకు వేసవి సెలవులు, బడిలో ఒక్క పిల్లా ఉండదు. అందుకని నా పాఠానికి నేనే రోజు పెట్టుకున్నాను. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారం, చేలో ఆకు పచ్చిగా ఉండగా.

మొదట్లో నేనూ అందరిలాగే భయపెట్టి చెప్పాను. ఉద్యోగంలో చేరింది 2003లో. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల మీద కేంద్రం చట్టం చేసిందీ ఆ ఏడాదే. నల్లబడ్డ ఊపిరితిత్తుల చార్టు గోడకు తగిలించి, బోర్డు మీద పుర్రె గీసి, పొగాకు విషమనీ తాగితే పోతారనీ గంట కొట్టేదాకా చెప్పేదాన్ని. పిల్లలు కళ్లింత చేసుకుని వినేవారు, గుమ్మం దాటగానే మర్చిపోయేవారు. 2012 నుంచి సినిమా హాళ్లలో ముకేశ్ ప్రకటన వేయడం మొదలైంది. గుట్కా నమిలి, నోటి క్యాన్సర్ వచ్చి, 24 ఏళ్లకే చనిపోయిన మనిషి. హాల్లో కూర్చుని నేను కళ్లు తుడుచుకున్నాను. మా తరగతిలో మగపిల్లలు ఆ గొంతును అనుకరించి ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు. నాకు చాలా కోపమొచ్చింది. చాలా రోజులు ఆలోచించాక గానీ వాళ్ల మనసు అందలేదు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి చావంటే తాతలకు సంబంధించిన సంగతి. మరీ భయపెడితే ఆ భయాన్ని నవ్వి దులిపేసుకుంటాడు, దాంతోపాటు మనం చెప్పినదాన్నీ దులిపేసుకుంటాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి పాఠం మధ్యలో ఒక ఆడపిల్ల లేచి నిలబడింది. "మేడం, అయితే మా నాన్న విషం పండిస్తన్నాడా?" అనడిగింది. అందులో ఎదిరింపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు నోట మాట రాలేదు. నేనూ పొగాకు రైతు కూతురినే. నా బీఈడీ ఫీజు వేలం కేంద్రంలో ఆకు అమ్మిన డబ్బుతోనే కట్టారు. మా వైపు పెళ్లి చేసినా, ఇల్లు కట్టినా, బ్యాంకు అప్పు తీర్చినా ఆ డబ్బుతోనే. ఒంగోలు, టంగుటూరు, కొండపి, వెల్లంపల్లి, పొదిలి, కనిగిరి అని వేలం కేంద్రాల పేర్లు మా పిల్లలకు ఎక్కాల కంటే ముందు వస్తాయి. అలాంటి పిల్లల ముందు నిలబడి, వాళ్ల అమ్మానాన్నల చెమటను ఒక్క మాటతో విషమనేశాను. ఆ పిల్ల కూర్చున్నాక తరగతిలో ఎవరూ నా వైపు చూడలేదు.

ఆ రాత్రి మా అమ్మ గుర్తొచ్చింది. కోతల రోజుల్లో ఏటా అమ్మకు వాంతులయ్యేవి. తెల్లవారుజామున మంచులో ఆకులోకి దిగి వచ్చిన రోజు మధ్యాహ్నానికల్లా తలతిరిగి మంచాన పడేది. ముఖం పాలిపోయి, ఒళ్లంతా చెమటలు పట్టేవి. దిష్టి తగిలిందని మా నాయనమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసేది. మర్నాటికి తగ్గిపోయేది. మళ్లీ మంచులోకి వెళ్లేది, మళ్లీ పడిపోయేది. అదేం జబ్బో నాకు తెలిసింది ఉపాధ్యాయురాలినయ్యాక, పొగాకు మీద దొరికిందల్లా చదవడం మొదలుపెట్టాక. నికోటిన్ నీళ్లలో కరుగుతుంది. ఆకు మీద మంచో వాన చినుకో ఉన్నప్పుడు, చెమట పట్టిన చేతులతో పట్టుకుంటే చర్మంలోంచి ఒంట్లోకి దిగిపోతుంది. బీడీ ముట్టని మా అమ్మకు ఏటా నికోటిన్ ఎక్కేది. పచ్చాకు పనిచేసే వాళ్లకు ఇలా జబ్బు చేయడం పొగాకు పండించే దేశాలన్నిటా ఉంది, దానికో పేరూ ఉంది. మా ఇంట్లో మాత్రం దిష్టే.

మరుసటి ఏడు చార్టు తగిలించలేదు. "కోతకెళ్లిన వాళ్లు చేతులు పైకెత్తండి" అన్నాను. తొమ్మిది మంది ఎత్తారు. వాళ్లను ముందు బల్లల మీద కూర్చోబెట్టి, ఆ జిగురు గురించి మాకు చెప్పండి అన్నాను. బడిలో ఎప్పుడూ నోరు తెరవని పిల్లలు మాట్లాడారు. ఎప్పుడు ఎక్కువ అంటుతుందో, ఏ ఆకుకు తక్కువో, దేంతో రుద్దితే పోతుందో. అప్పుడు అడిగాను, "మీ ఇంట్లో ఎవరికైనా కోతల రోజుల్లో తలతిరగడం, వాంతులు ఉంటాయా?" అని. ఒకరి తర్వాత ఒకరు. మా అమ్మకి, మా పెద్దమ్మకి, మా అక్కకి, నాకే మేడం. అందరూ అది ఎండదెబ్బో దిష్టో అనుకుంటున్నారు. నికోటిన్ సంగతి చెప్పాను. పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, చేతులకు తొడుగులుండాలి, మంచు ఆరాకే ఆకులో దిగాలి, తడిసిన బట్టలు వెంటనే మార్చాలి, కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు అని చెప్పాను.

పది రోజుల తర్వాత ఒకామె బడి గేటు దగ్గర నన్ను ఆపింది. "మేడం, మా పిల్ల నన్ను మంచు ఆరిందాకా చేలోకి దిగనియ్యట్లా. వాళ్ల నాన్న పాత చొక్కా నాకు తొడుగుతంది. మేస్త్రి ఏమో ఆలస్యమైందని తిడతన్నాడు" అంది. ఫిర్యాదు చేయడానికే వచ్చింది. చెప్పడం అయ్యాక మాత్రం కాసేపు ఊరుకుని, "వాంతి కాలేదు గానీ ఈసారి" అంది. అన్నేళ్ల ఉద్యోగంలో నా చేతికందిన మొదటి జీతం అదేననిపించింది.

అక్కణ్నుంచి పాఠం దానంతటదే నడుస్తుంది. ఆ మొక్క నికోటిన్ ఎందుకు తయారుచేసుకుంటుంది అని అడుగుతాను. పురుగు తినకుండా అని ఎవరో ఒకరు చెబుతారు. పేనుబంకకు పొగాకు కషాయం కొట్టడం మా పిల్లలు చూసిందే. పురుగు నరాల మీద పనిచేసే మందు మనిషి నరాల మీద పనిచేయదా? పొగ పీలిస్తే నికోటిన్ పది సెకన్లలో మెదడుకు చేరుతుంది. ముందు హాయిగా ఉంటుంది, ఆ హాయి అయిపోగానే చిరాకు మొదలవుతుంది, ఆ చిరాకు పోవడానికి ఇంకొకటి కావాలి. పాతికేళ్ల దాకా మెదడు ఇంకా తయారవుతూనే ఉంటుంది కాబట్టి, ఈ వయసులో పట్టిన అలవాటు పెద్దయ్యాక పట్టినదాని కంటే గట్టిగా పాతుకుంటుంది. రోజూ తాగేదాకా రాకముందే, అప్పుడొకటి ఇప్పుడొకటి అంటున్నప్పుడే పట్టుకునేస్తుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేస్తా అనే మాట పెద్ద పిల్లల నోట తరచూ వింటాను. ఎవరి మాటో తెలుసుకోకుండా పలుకుతున్నారు, ఆ మాట పలికించేది నికోటినే అని చెబుతాను.

ఆరో తరగతి నుంచే చెప్పాలని మా ప్రధానోపాధ్యాయులతో వాదించి ఒప్పించాను. 2019లో దేశమంతటా బడి పిల్లల మీద జరిగిన పొగాకు సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల వాళ్లలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో వాడుతున్నట్టు తేలింది. నన్ను కుదిపింది అది కాదు. సిగరెట్ అలవాటున్న పిల్లల్లో 38 శాతం, బీడీ తాగే వాళ్లలో 47 శాతం, నమిలే పొగాకు వాడే వాళ్లలో 52 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారట. పదేళ్లంటే ఐదో తరగతి. మేము పెద్ద తరగతుల్లో మొదలుపెట్టే హితబోధకు చాలా ముందే ఎవరో వాళ్లకు పాఠం చెప్పేసి వెళ్లారన్నమాట.

ఆ ఎవరో అన్నదాని మీద నేను చాలాసేపు నిలబడతాను. మొదటి సిగరెట్టును ఏ పిల్లవాడూ కొనుక్కోడు. ఎవరో ఇస్తారు. అన్న వరసవాడో, మేనమామో, బడి మానేసి డబ్బులు చూస్తున్న స్నేహితుడో. ప్రేమగా ఇస్తారు, అందుకే కాదనడం కష్టం. కన్యాశుల్కంలో గిరీశం దగ్గర వెంకటేశానికి చదువేమీ అబ్బలేదు, చుట్ట కాల్చడం మాత్రం అబ్బింది. ఆ నాటకం మొదట అచ్చయింది 1897లో. గురజాడ పట్టుకున్న ఆ సంగతి నేటికీ అలాగే ఉంది. పెద్ద పిల్లలు చిన్నవాళ్లను చేరదీసే దారి అదే. అందుకని కాదనడం ఎలాగో తరగతిలో సాధన చేయిస్తాను. నేను ఇచ్చే వాక్యాలు వాళ్ల నోట నిలవవు, వాళ్లవే కావాలి. ఒకడు గిరీశం, ఒకడు వెంకటేశం. "తాగరా, మగాడివి కాదా" అని గిరీశం అంటే ఏమనాలి? మొదట అందరూ నవ్వుతారు, సిగ్గుపడతారు, తల దించుకుంటారు. నాలుగోసారికి జవాబులు వస్తాయి. "నాకు పడదురా", "ఆదివారం పందెం ఉంది, కూత తెగుద్ది", "మా అమ్మ చొక్కా వాసన చూస్తది." ఒక ఏడు ఒక పిల్లవాడు ఏ వంకా చెప్పకుండా, "వద్దన్నా" అని ఊరుకున్నాడు. గిరీశం వేషం వేసినవాడు మళ్లీ మళ్లీ బతిమాలాడు. వీడు మళ్లీ మళ్లీ అదే మాట. తరగతి నిశ్శబ్దమైపోయింది. అంత చిన్న మాటతో పని జరుగుతుందని వాళ్లకు అప్పుడే తెలిసింది.

కూత సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. మా ఊళ్లో కబడ్డీ అంటే ప్రాణం. వ్యాయామ ఉపాధ్యాయులు, నేను కలిసి ఒక పని చేస్తాం. మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తించి, ముక్కు మూసుకుని కూల్‌డ్రింకు గొట్టం ఒక్కదానితోనే గాలి పీల్చమంటాం. అర నిమిషానికే పిల్లలు కంగారుపడి గొట్టం పారేస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలను పక్కన కూర్చోబెట్టి లెక్క రాయమంటాం. తర్వాత కూత. కబడ్డీలో ఒక్కో కూతకు 30 సెకన్ల గడువుంటుంది. పాడైన ఊపిరితిత్తులతో ఎన్ని సెకన్లు నిలుస్తుందో ఆ గొట్టం చెప్పేస్తుంది. నలభై ఏళ్ల తర్వాత వచ్చే జబ్బు కంటే వచ్చే ఆదివారం తెగే కూత వాళ్లకు దగ్గర. ఊపిరితిత్తుల చార్టు చేయలేని పని ఐదు పైసలు చేయని ఆ గొట్టం చేసింది.

ఇక మూడు వేళ్ల పరీక్ష. 2017లో తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. పొడుగ్గా, చురుగ్గా ఉండేవాడు, లెక్కల్లో మొదటివాడు. ఆ ఏడు మధ్యాహ్న భోజనం దగ్గర నాకు పర్యవేక్షణ పని పడింది. వాడు గుడ్డు తిని, అన్నంలో మజ్జిగ పోసుకుని లేచిపోయేవాడు. పప్పులో మిరపకాయ కనిపిస్తే తీసి పక్కన పెట్టేవాడు. మా వైపు పిల్లలు పుట్టినప్పటి నుంచీ కారంలో పెరుగుతారు. గోంగూర పచ్చడి వేసిన రోజు వీడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఏరా, కారం పడట్లేదా?" అంటే, "నోరు మంట మేడం" అన్నాడు.

మర్నాడు తరగతిలో అందరితో చేయించాను, వాణ్ని ఒక్కణ్నే చేయమంటే సిగ్గుపడతాడని. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు మూడూ ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టుకోమన్నాను. ఎవరి నోట్లో వాళ్ల మూడు వేళ్లు పట్టాలి. తరగతంతా నోళ్లు తెరిచి కూర్చుంది. అటూ ఇటూ తిరుగుతూ వాడి దగ్గరికొచ్చాను. వాడి నోట్లో రెండు వేళ్లే పట్టాయి. మూడోది పట్టించాలని తోస్తున్నాడు, పెదవుల చివర చర్మం తెల్లబడుతోంది, పట్టట్లేదు. నా వైపు చూశాడు. వాడికి అర్థమైంది, నాకూ అర్థమైంది. నేనేమీ అనకుండా పక్క బల్ల దగ్గరికి వెళ్లాను.

సాయంత్రం ప్రయోగశాలలో కూర్చోబెట్టి అడిగితే చెప్పాడు. ఆకు ఆరబెట్టే రోజుల్లో బ్యారన్ మంట దగ్గర రాత్రంతా ఎవరో ఒకరు మేలుకొని ఉండాలి. వేడి ఎక్కువైతే ఆకు మాడుతుంది, తగ్గితే రంగు పోతుంది. ఐదారు రోజులు కట్టె వేస్తూనే ఉండాలి. నాన్నకు తోడుగా వాడూ పడుకునేవాడు. నిద్ర పట్టకుండా ఉంటుందని అక్కడ పనిచేసే అన్న ఒకడు పొట్లం ఇచ్చాడు. ఏడో తరగతిలో. మొదట నెలకు నాలుగు, తర్వాత రోజుకు నాలుగు. గుట్కా అమ్మకూడదని నిషేధమున్నా, అడిగినవాడికి దొరుకుతూనే ఉంది. అందులో వక్క ఉంటుంది, ఆ వక్కే నోటి లోపలి పొరను పీచులా గట్టిపరిచి నోరు తెరుచుకోకుండా చేస్తుంది. అలా గట్టిపడ్డ నోట్లో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ.

వాళ్ల నాన్నను పిలిపించాను. ఆయన కొడుకును కొట్టబోతే అడ్డుపడ్డాను. ఒంగోలు పెద్దాసుపత్రికి ముగ్గురం కలిసి వెళ్లాం. గట్టిపడ్డ పొర మళ్లీ మామూలుగా అవడం కష్టమని, మానేస్తే ఇక ముదరకుండా ఆగుతుందని డాక్టరమ్మ చెప్పింది. మందులిచ్చి, రోజూ నోరు తెరిచే కసరత్తు నేర్పింది. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకోవాలి, కొన్ని రోజులకో పుల్ల పెంచుతూ పోవాలి. మానడానికి సాయం చేసే ఉచిత నంబరు 1800 11 2356 వాడి నోటుపుస్తకం అట్ట మీద నేనే రాశాను. వాడు రెండుసార్లు మానాడు, రెండుసార్లు మళ్లీ పట్టాడు. రెండోసారి తనే వచ్చి చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు వాడి భుజం తట్టాను. వాళ్ల నాన్న కూడా ఆ మరుసటి సీజనుకు వాణ్ని బ్యారన్ కాపలాకు రానివ్వలేదు. మూడోసారి ఆగింది.

ఈ పనిలో నేను చేసిన తప్పు ఇంకొకటుంది. 2003 నాటి ఆ చట్టం ప్రకారం విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లలోపు వాళ్లకు ఎక్కడా అమ్మకూడదు. చట్టం పిల్లలకు చేతలతో తెలియాలని లెక్కల మాస్టారితో కలిసి ఎనిమిదో తరగతిని బయటికి తీసుకెళ్లాం. 100 గజాలంటే 91.44 మీటర్లు. గేటు దగ్గర టేపు పట్టి కొలుచుకుంటూ, పసుపు సున్నంతో గీత గీసుకుంటూ పోయాం. 62 మీటర్ల దగ్గర బంకు వచ్చింది. పిల్లలు "దొరికింది మేడం!" అని అరిచారు. టేపు చివర పట్టుకున్న పిల్ల చేతిలోంచి టేపు జారి కిందపడింది. ఆ బంకు వాళ్లమ్మది. నేను ముందుగా తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు. ఆ పిల్ల రెండు రోజులు బడికి రాలేదు.

మూడో రోజు సాయంత్రం బంకు దగ్గరికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. "నీ బిడ్డను బాధపెట్టానమ్మా, తప్పు నాది" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇష్టపడి అమ్ముతన్నానా మేడం? పొద్దస్తమానం జీళ్లు అమ్మితే వచ్చేది, నాలుగు సిగిరెట్లు విడిగా అమ్మితే వస్తది. ఆయన పోయాక ఈ బంకే మాకు అన్నం పెట్టింది" అంది. చట్టం ప్రకారం జరిమానా 200 రూపాయలే గానీ, పిల్లలకు పొగాకు ఇస్తే బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల దాకా జైలని చెప్పడానికే వెళ్లాను నిజానికి. చెప్పలేదు ఆ రోజు. స్టాఫ్‌రూంలో మాట్లాడుకుని, మా 14 మందికి పొద్దున టిఫిను ఆమె దగ్గరే తెప్పించుకోవడం మొదలుపెట్టాం. పరీక్షల కాగితాలు, అట్టలు, పెన్నులు తెప్పించి పెట్టుకోమన్నాం. ఆరు నెలల పాటు సిగరెట్టు పెట్టెలు బల్ల కిందకు మారాయి, అంతే. చట్టం సంగతి అప్పుడు నెమ్మదిగా చెప్పాను. సంక్రాంతి దాటాక అవీ పోయాయి. బస్టాపు దగ్గర, మా గీతకు ఆవల, ఇంకో కొట్టులో మాత్రం అమ్మకాలు పెరిగాయి. అది కూడా నిజమే.

పిల్లలు ఏటా అడిగే ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది, "మా జేజమ్మ చుట్ట తాగి ఎనభై ఏళ్లు బతికింది గదా?" ఈ ప్రశ్న అడిగిన పిల్లవాణ్ని నేను ఎప్పుడూ తీసిపారేయను, ఆ జేజమ్మను వాడు ప్రేమించాడు. పొగాకు మానకుండా వాడే వాళ్లలో సగం మంది దాకా దాని వల్లే పోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీ జేజమ్మ మిగిలిన సగంలో ఉంది, అందుకే ఆమె కథ మనకు తెలుసు, పోయినవాళ్లు వచ్చి చెప్పరు గదా అంటాను. అప్పుడు ఎవరో ఒకరు నెమ్మదిగా తమ ఇంట్లో నలభై ఏళ్లకే పోయిన మనిషి గురించి చెబుతారు. చెప్పనిస్తాను.

రెండోది కష్టమైన ప్రశ్న. "అంత చెడ్డదైతే ప్రభుత్వం ఎందుకు పండించనిస్తంది మేడం?" సిగరెట్టు పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ వేయించేది ఆరోగ్యశాఖ. గుంటూరులో ప్రధాన కార్యాలయం పెట్టుకుని మన ఆకును వేలం వేయించే పొగాకు బోర్డు వాణిజ్యశాఖది. రెండూ ఒకే ప్రభుత్వంలో ఉన్నాయి. దీన్ని పిల్లల దగ్గర దాచి నేను ఏ పాఠం చెప్పినా నమ్మరు. విదేశాలకు అమ్మితే వచ్చే డబ్బు, సిగరెట్ల మీద వచ్చే పన్ను, రైతుకు వేరే దారి చూపించడంలో జరుగుతున్న ఆలస్యం, అన్నీ చెబుతాను. రైతులను వేరే పంటల వైపు మళ్లించాలని చెప్పే ప్రపంచ ఒప్పందాన్ని మన దేశం 2004లోనే ఆమోదించింది. 2025లో నల్లబర్లీ రకం పొగాకు కొనేవాళ్లు లేక రైతులు రోడ్డెక్కితే మార్క్‌ఫెడ్ ద్వారా ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. అది మా పిల్లలు ఇళ్లలో చూసిందే. ఒక ఏడు పదో తరగతి వాళ్లకు పని ఇచ్చాను. ఇంట్లో అడిగి పొగాకు ఖర్చులూ రాబడీ, శనగ ఖర్చులూ రాబడీ పక్కపక్కన రాసుకురమ్మన్నాను. బ్యారన్ అద్దె, కట్టె, కూలి, ఎరువు అన్నీ. పొగాకే మేలని లెక్క తేలిన ఇళ్లూ ఉన్నాయి. ఆ లెక్కను నేను దిద్దలేదు. ఎన్నో ఏళ్ల కిందట నన్ను ప్రశ్న అడిగిన ఆ ఆడపిల్లకు నేను ఇవ్వలేని జవాబు ఇప్పుడు ప్రతి తరగతిలో ఇస్తున్నాను. మీ నాన్న నేరం చేయట్లేదమ్మా, ఆయన కష్టం మీదే నువ్విక్కడ కూర్చున్నావు, ఆ ఆకు పొగై నీ ఒంట్లోకి పోకుండా చూసుకోవడం మటుకు నీ పని అని.

ఎంతమంది పిల్లలు నా పాఠం వల్ల పొగాకు ముట్టలేదో నాకు లెక్క తెలియదు, తెలిసే దారీ లేదు. డాక్టరుకు నయమైన రోగి కనిపిస్తాడు. రాని జబ్బు ఎవరికి కనిపిస్తుంది? సాయంత్రాలు బస్టాపులో నేను చదువు చెప్పిన కుర్రాళ్లు కొందరు సిగరెట్టుతో కనిపిస్తారు. నన్ను చూసి వెనక్కి దాచుకుంటారు. దాచుకోవద్దు, ఇటు రా, ఎట్టా ఉన్నావు అంటాను. ఇద్దరు అలా మాట్లాడి మాట్లాడి నా దగ్గరే ఆ ఉచిత నంబరు తీసుకున్నారు. ఒకడు మానాడు. రెండోవాడు ఇంకా తాగుతున్నాడు, ఇంకా పలకరిస్తున్నాడు. వాడి విషయంలో నేను ఆశ వదల్లేదు.

మొన్న వేసవిలో తిరునాళ్లకు వెళ్లాను. జనంలోంచి "మేడం!" అన్న కేక వినిపించింది. చూస్తే ఆ నోటి మంట పిల్లవాడు. ఇప్పుడు వాడు కరెంటు పని చేస్తున్నాడు, ప్రభల మీద లైట్లు వాడే కట్టాడట. ఏమీ చెప్పకుండా వీధి మధ్యలోనే నోరు తెరిచి వేళ్లు నిలువుగా పెట్టి చూపించాడు. రెండున్నర. "పచ్చడి తింటన్నా మేడం, కొంచెం కొంచెం" అన్నాడు. పక్కన వాళ్లక్క కొడుకు ఉన్నాడు, ఎనిమిదేళ్లుంటాయి, చేతిలో జీళ్ల పొట్లం. "వీడిది కూడా చూడండి" అని వాణ్ని ముందుకు తోశాడు. ఆ బుడ్డోడు పొట్లం మామ చేతికిచ్చి, నోరంతా తెరిచి, జీడి పాకం అంటిన మూడు వేళ్లూ లోపల పెట్టుకుని నా వైపు చూశాడు. మూడూ పట్టాయి.